మా పిల్లల పరీక్ష పేపరు మా టీచరమ్మనే రాయనివ్వండి

సంపాదకుల గారికి నమస్కారం.

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. రెండెకరాల్లో టమోటా పెడతాం. మా పాప ఊళ్లోనే ఉన్న సర్కారు బడిలో ఐదో తరగతి, బాబు రెండో తరగతి. నేను ఇంటర్ దాకా చదివాను. ఈ ఉత్తరం రాసేది నేనే గానీ ఇందులో ఉన్న మాట ఆ బడికి పిల్లల్ని పంపే పదకొండు ఇళ్లదీ. పోయిన ఆదివారం రచ్చబండ దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాక, నువ్వు కాస్త రాయగలవు కదమ్మా, పేపరుకు రాయి అన్నారు, అందుకని రాస్తున్నా.

ముందు ఒక సంగతి చెప్పాలి. మొన్న ఆగస్టులో ఒక రోజు బడికి సెలవని పాపను కూడా మండీకి తీసుకుపోయాం. ఆ రోజు మావి 28 క్రేట్లు, క్రేటు 340 రూపాయలకు పాట ఆగింది. మా ఆయన పట్టీ, అంటే మండీ వాళ్లిచ్చే లెక్క చీటీ, తీసుకుని చూసుకుంటుంటే పాప పక్కన నిలబడి వేళ్లు కూడా మడవకుండా, నాన్నా 9,520 వస్తుంది, నూటికి పది కమీషన్ పోతే 8,568, క్రేటుకు ఇరవై ఆటో బాడుగ తీస్తే 8,008 కదా, వీళ్లు 7,908 వేశారేం అంది. మా ఆయన మళ్లీ లెక్క వేశాడు. పాప చెప్పిందే నిజం. గుమాస్తా తప్పు ఒప్పుకుని వంద రూపాయల నోటు చేతిలో పెట్టాడు. ఆ వందతో దానికి జామెట్రీ బాక్సు కొనిచ్చాం.

ఆ తర్వాత పది పన్నెండు రోజులకే బడిలో పరీక్ష మార్కులు వచ్చాయి. లెక్కల్లో ఇరవైకి ఆరు.

ఇరవైకి ఆరు ఎందుకొచ్చాయో తెలుసుకుందామని బడికి వెళ్లాను. మా టీచరమ్మ ఆ పేపరు తీసి చూపించింది. సగం ప్రశ్నలు భిన్నాల మీద ఉన్నాయి. ఆ పాఠం ఇంకా మొదలే పెట్టలేదమ్మా అంది. ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. మాది ఒకే టీచరు ఉన్న బడి, ఐదు తరగతులూ ఆమే చూసుకోవాలి, జూన్‌లో బెంగళూరు నుంచి తిరిగొచ్చిన మూడు కుటుంబాల పిల్లలు చేరారు, వాళ్లలో ఇద్దరికి కూడికలు కూడా సరిగా రావు, వాళ్లను వదిలేసి ముందుకు పోకుండా ఆమె నెల రోజులు అందరికీ మళ్లీ ఎక్కాలు, గుణకారాలు, భాగహారాలు చెప్పింది, పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చెప్పించింది. మా పాపకు మండీలో ఆ లెక్క నోటికి వచ్చిందంటే ఆ నెల రోజుల చదువు వల్లే. కానీ పైనుంచి వచ్చిన క్యాలెండరులో ఆ నెలకు భిన్నాలు అని రాసి ఉంది, కాబట్టి పేపరు భిన్నాల మీద వచ్చింది, కాబట్టి మా బడి పిల్లలకు ఆరు, ఐదు, నాలుగు.

ఆ మార్కులు అక్కడితో ఆగవు. అసెస్‌మెంట్ పుస్తకంలో ఎక్కాలి, ఆ తర్వాత ఫోనులో ఎక్కాలి. మా బడి దగ్గర సిగ్నల్ అందదు. టీచరమ్మ సాయంత్రం నీళ్ల ట్యాంకు పక్కన మెట్ల మీద కూర్చుని ఒక్కో పిల్లకు, ఒక్కో సబ్జెక్టుకు అంకెలు కొడుతుంటుంది. ఒకసారి చీకటి పడేదాకా అక్కడే ఉంటే నేనే టీ తీసుకెళ్లి ఇచ్చాను. ఆ గంటన్నర ఆమె వెనకబడ్డ ఇద్దరు పిల్లల దగ్గర కూర్చుంటే వాళ్లకు తీసివేతలు వచ్చేసేవి. ఈ మాట ఆమె అనలేదు, అనదు కూడా. నేను అంటున్నా.

పరీక్షలు అసలు వద్దని మేం అనట్లేదు. మేమూ పరీక్షలు రాసే పెరిగాం. చెప్పిన పాఠం వచ్చిందో లేదో చూడాల్సిందే. మేం అడిగేది ఏమిటంటే, రాష్ట్రమంతటికీ ఒకటే పేపరు, ఒకటే రోజు, ఒకటే క్యాలెండరు అని ఐదో తరగతి దాకా ఉన్న పిల్లల మీద రుద్దడం ఎందుకు? ముగ్గురు టీచర్లున్న బడికీ ఒక్కరే ఉన్న బడికీ ఒకటే పేపరా? తుంగభద్ర కింద వరి నాట్లప్పుడూ ఇక్కడ టమోటా కోతలప్పుడూ పిల్లలు బడికి రాని రోజులు వేరు వేరుగా ఉంటాయి, ఆ సంగతి ఆ ఊరి టీచరుకు తెలుస్తుంది, అమరావతిలో కూర్చుని పేపరు తయారుచేసే వాళ్లకు ఎలా తెలుస్తుంది?

పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు ఓఎంఆర్ షీట్లు ఇచ్చారు. పెద్ద పెద్ద పోటీ పరీక్షల్లో ఇస్తారే, ఆ గుండ్రాలు దిద్దే కాగితం. ఎనిమిదేళ్ల పిల్లలు. నేను ఆ రోజు బియ్యం దించడానికి బడికి వెళ్లి కళ్లారా చూశా. మా ఎదురింటి పిల్లాడు గుండ్రం బయటికి పోయిందని రబ్బరుతో చెరిపి చెరిపి కాగితానికి బొక్క పెట్టాడు, ఇక మేడమ్ కొడుతుందేమోనని బల్ల కింద దూరాడు. మా టీచరమ్మ ఎవరినీ కొట్టదు. వాడికి ఆ సంగతి తెలుసు. అయినా దూరాడు. ఆ రోజు వాడు రాయాల్సిన ప్రశ్నలు నోటితో అడిగితే అన్నీ చెప్పేవాడే.

బడిలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు నేను లేచి ఈ మాటే అడిగాను. 2024 డిసెంబరు 7న మొదటిసారి రాష్ట్రమంతా ఆ మీటింగులు పెట్టినప్పుడు మాకు చాలా సంతోషం వేసింది, తల్లిదండ్రుల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడటం మంచి పని, అందులో నాకు రెండో మాట లేదు. కానీ నేను అడిగిన దానికి అక్కడికి వచ్చిన ఆఫీసరు ఇచ్చిన జవాబు, ఇది రాష్ట్రమంతా ఒకటే అమ్మా, మా చేతుల్లో ఏం లేదు అని. మా చేతుల్లోనూ లేదు, టీచరు చేతుల్లోనూ లేదు, మండలంలోనూ లేదు. మరి ఆ రోజు మమ్మల్ని పిలిచింది ఏ మాట వినడానికి?

నేను పేరెంట్స్ కమిటీలో సభ్యురాలిని. కమిటీ కోసమని విద్యాహక్కు చట్టం తెలుగు ప్రతి తెప్పించుకుని చదివాను. 2009 చట్టం. అందులో 29వ సెక్షన్‌లో పిల్లలు చేసి, చూసి, వెతికి నేర్చుకోవాలని, భయం లేకుండా ఉండాలని, వీలైనంత వరకు మాతృభాషలో చెప్పాలని, ఎప్పటికప్పుడు సమగ్రంగా మూల్యాంకనం జరగాలని ఉంది. 24వ సెక్షన్‌లో ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని చూసుకుని అవసరమైతే అదనంగా చెప్పడం టీచరు బాధ్యత అని ఉంది. అంటే మా టీచరమ్మ జూన్, జులైలలో చేసింది చట్టం చెప్పిన పనే. ఆ పని చేసినందుకు ఆమె బడికి తక్కువ మార్కులు పడ్డాయి. ఎప్పటికప్పుడు మూల్యాంకనం అంటే రోజూ పిల్లాడి పలక చూసే మనిషి చేసే పని, రాష్ట్రం నుంచి ఫోనులోకి దిగే పేపరు ఆ పని ఎలా చేస్తుంది?

దీనికి ఎదురుగా ఒక మాట చెబుతారు. మా తమ్ముడే అన్నాడు. అందరికీ ఒకే పేపరు లేకపోతే ఏ బడిలో చదువు సాగుతోందో, ఏ బడిలో టీచరు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది అక్కా అని. అది నిజమైన ప్రశ్నే. చదువు చెప్పని సార్లు లేరని నేను అనను. మేం చదువుకున్న రోజుల్లో వారంలో రెండు రోజులు వచ్చి వెళ్లిపోయిన సారు కింద మూడో తరగతి గడిపేశాను, ఆ నష్టం నాకు ఇప్పటికీ తెలుసు. కానీ రాష్ట్రంలో చదువు ఎలా ఉందో తెలుసుకోవడానికి ప్రతి పిల్లనూ రెండు నెలలకోసారి కూర్చోబెట్టాల్సిన పని లేదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా పిసుకుతామా? పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూసే అసర్ సర్వే వాళ్లు ఊళ్లు కొన్ని ఎంచుకుని, ఇళ్లకు వెళ్లి, ఒక్కో పిల్ల పక్కన కూర్చుని నాలుగు వాక్యాలు చదివిస్తారు, ఒక తీసివేత, ఒక భాగహారం చేయిస్తారు. కేంద్రం పెట్టే పరఖ్ సర్వే కూడా అంతే, 2024 డిసెంబరు 4న కొన్ని బడులు ఎంచుకుని 3, 6, 9 తరగతుల పిల్లలకే పెట్టారు. రాష్ట్రానికి లెక్క కావాలంటే అలా తీసుకోవచ్చు. టీచరు సరిగా రావట్లేదంటే దానికి తనిఖీలు ఉన్నాయి, మేం ఉన్నాం. టీచరు బాగా చెబుతుందో లేదో మాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది, పిల్లలు ఇంటికొచ్చి చెప్పే కబుర్లలోనే తెలిసిపోతుంది.

ఒకే పేపరు వల్ల ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2024 డిసెంబరులో ఆరు నుంచి పది తరగతుల అర్ధసంవత్సరం లెక్కల పేపరు ముందే యూట్యూబ్‌లోకి వచ్చేసింది, ఆ పరీక్ష ఆపి మళ్లీ పెట్టారు. ఒక బడి పేపరు ఆ బడి టీచరే రాసుకుంటే దాన్ని దొంగిలించి ఎవరికి అమ్ముకుంటారు? రాష్ట్రమంతటికీ ఒకటే కాబట్టే దానికి అంత గిరాకీ. అప్పుడు మా అన్న కూతురు తొమ్మిదో తరగతి. చదివి రెడీగా ఉన్న పిల్ల, పరీక్ష ఆగిపోయిందని తెలిసి, మళ్లీ ఎప్పుడో, ఏ పాఠాలో అని రెండు రోజులు టెన్షన్‌తో అన్నం సరిగా తినలేదు.

సిలబస్ సంగతి చెప్పాలంటే ఇంకా బాధ. మా అన్న కొడుకు చదివింది సీబీఎస్‌ఈకి మార్చిన వెయ్యి ప్రభుత్వ బడుల్లో ఒక దాంట్లో. ఎనిమిదిలో ఒక రకం పుస్తకాలు, తొమ్మిదిలో అవే, సీబీఎస్‌ఈ పరీక్ష ఇలా ఉంటుంది అలా ఉంటుందని రెండేళ్లు చెప్పారు, తీరా పదో తరగతికి వచ్చాక, 2024లో బడులు తెరిచి మూడు నెలలు గడిచాక, కాదు మీరు రాష్ట్ర బోర్డు పరీక్షే రాయాలి అన్నారు. మార్చడం ఆ పిల్లల మంచికే అని చెప్పారు, అది నిజం కూడా కావచ్చు, కష్టంగా ఉందని పిల్లలే అన్నారు. కానీ అటు మార్చేటప్పుడూ ఇటు మార్చేటప్పుడూ మా అన్నను ఎవరూ అడగలేదు. మధ్యలో 2023లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష అన్నారు, మూడో తరగతి నుంచి. 2024 మొదట్లో ఐబీ అనే విదేశీ సిలబస్ అన్నారు. ప్రభుత్వం మారింది, ఆ రెండూ పోయాయి. వచ్చినప్పుడు గొప్పగా వచ్చాయి, పోయినప్పుడు ఎందుకు పోయాయో మాకెవరూ చెప్పలేదు. నాకు ఏ పార్టీ మీదా కోపం లేదు, ఏ పార్టీ జెండా మా ఇంటి మీద లేదు. ఎవరు వచ్చినా పిల్లల పుస్తకాల మీదే మొదట చెయ్యి వేస్తారేం అన్నదే నా బాధ.

ఇంగ్లీషు మాకు కావాలి. ఈ మాట స్పష్టంగా రాస్తున్నా, ఎందుకంటే మాలాంటి వాళ్లు నోరు తెరిస్తే పల్లె జనం ఇంగ్లీషు వద్దంటున్నారని అనుకుంటారు. మా పిల్లలకు ఇంగ్లీషు రావాలనే మేమూ కోరుకుంటాం. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు, మంచి పని చేశారు, నేను కూడా పాపతో కూర్చుని చదువుతా. కానీ మొక్క ఆహారం ఎక్కడ తయారుచేసుకుంటుంది అంటే ఆకులో అని, ఎండ కావాలి నీళ్లు కావాలి అని, నీడలో పెట్టిన నారు పాలిపోతుందని కూడా చెప్పే పిల్ల, ఆ ప్రశ్న ఇంగ్లీషులో రాసి ఉంటే ఖాళీ వదిలేసి వస్తుంది. ఆ ఖాళీకి సున్నా. పాపకు సైన్సు రాదని ఆ సున్నా చెబుతుంది, అది అబద్ధం. మా టీచరే పేపరు రాస్తే ఆ ప్రశ్న రెండు భాషల్లో రాస్తుంది, లేదా పిల్లను దగ్గరకు పిలిచి నోటితో అడుగుతుంది.

మా తెలుగు పిల్లలకే ఇలా ఉంటే కొండల్లో పిల్లల సంగతి ఆలోచించండి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామి, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో పిల్లలకు వాళ్ల మాటతోనే చదువు మొదలుపెట్టి, మెల్లగా తెలుగులోకి తెచ్చే పని మొదలైంది. సవర పిల్లాడు సవరలో అక్షరం దిద్దుకుంటాడు, తర్వాత తెలుగు, తర్వాత ఇంగ్లీషు. ఆ పిల్లాడి చేతిలోనూ అదే తేదీకి అదే పేపరు పెడితే వాడు ఏం చేయాలి?

వేరే దారి లేదా అంటే ఉంది, అదీ మా పక్కనే ఉంది. మదనపల్లెకు దగ్గర్లోనే రిషీవ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడుపుతున్నారు. అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో, మా బడిలాగే. గోడకు నిచ్చెనలాగా మెట్లు గీసిన చార్టు ఉంటుంది, ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు, ఒక్కో కార్డుకు ఒక బొమ్మ గుర్తు. పిల్ల తన మెట్టు ఎక్కడుందో తానే చూసుకుని కార్డు తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులు నేర్చుకోవడానికి, కొన్ని సాధన చేయడానికి, కొన్ని వచ్చిందో లేదో చూడటానికి, రాకపోతే మళ్లీ చేసుకోవడానికి వేరే కార్డులు. పరీక్ష దాంట్లోనే ఉంది, పరీక్ష అన్న సంగతి కూడా పిల్లకు తెలియదు. పదిరోజులు జ్వరంతో రాకపోయినా తిరిగొచ్చి తను ఆపిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. మా మేనత్త కూతురు అలాంటి బడిలో చదివింది కాబట్టి నాకు తెలుసు. ఈ పద్ధతిని చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, నాలుగైదేళ్లలో తమిళనాడు అంతటా సర్కారు ప్రాథమిక బడులకు తీసుకెళ్లారు. మా మండలంలో ఒక్క సర్కారు బడిలోనూ నేను ఆ నిచ్చెన చూడలేదు. ఒకే టీచరున్న బడులు ఇన్ని ఉన్న రాష్ట్రంలో అది ఎందుకు పనికిరాదో ఎవరైనా చెబితే వింటాను.

మా పిన్ని కూతురు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుంది. నేను ఫోనులో ఈ గోల చెబితే, ఇక్కడా ఇదే గొడవ జరిగింది అక్కా అంది. 2015లో పక్కనే ఉన్న న్యూయార్క్ రాష్ట్రంలో మూడు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల్లో ఐదుగురిలో ఒకరిని తల్లిదండ్రులు ఆ రాష్ట్ర పరీక్షకు కూర్చోనివ్వలేదట. మా పిల్ల ఈ పరీక్ష రాయదని బడికి చీటీ రాసి పంపారట. ఆ ఏడాది డిసెంబరులోనే, ఆ మార్కులతో టీచర్ల పనితీరు లెక్కగట్టడాన్ని కొన్నేళ్లపాటు ఆపేశారట. మేం అంతదాకా పోవాలనుకోవట్లేదు. మా టీచరమ్మకు ఇబ్బంది వస్తుందని భయం, పిల్లలకు ఏదైనా రాకుండా పోతుందేమో అని భయం. కానీ అక్కడి తల్లులకు ఉన్న బాధే మాకూ ఉందని తెలిసి కొంచెం ధైర్యం వచ్చింది.

మేం అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. ఐదో తరగతి దాకా పేపరు మా బడి టీచరే రాసుకోవాలి, ఏ పాఠం చెప్పిందో దాని మీద, ఆ పాఠం అయినప్పుడు. ఫలితం మాకు అంకెలో కాదు, మాటలో చెప్పాలి, మీ పాపకు భాగహారం వచ్చింది, భిన్నాలు రాలేదు, ఇంట్లో రొట్టె తుంచేటప్పుడు సగం, పావు అని చెప్పించండి అంటే నేను రోజూ చెప్పిస్తా. ఆ మార్కులు ఫోనులో ఎక్కించే పని చిన్న తరగతులకు తీసేయాలి. బోర్డు మార్చాలన్నా, పుస్తకాలు మార్చాలన్నా ముందు పేరెంట్స్ కమిటీల ముందు పెట్టి, మినిట్స్ పుస్తకంలో మా మాట రాయించి, ఆ తర్వాతే చేయాలి. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని అదే విద్యాహక్కు చట్టంలో ఉంది. ఇప్పటిదాకా మా కమిటీ సంతకాలు పెట్టింది మధ్యాహ్న భోజనం బిల్లులకు, మరుగుదొడ్ల రిపేర్లకు మాత్రమే.

ఈ నాలుగు మాటలూ ఒక అర్జీగా రాసి పదకొండు ఇళ్ల వాళ్లం సంతకాలు, వేలిముద్రలు పెట్టాం. సోమవారం ఎంఈవో (మండల విద్యాశాఖ అధికారి) ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంటాం. మీరు ఈ ఉత్తరం వేస్తే ఆ కాగితం కూడా జత చేసి కలెక్టరు గారికి పంపుతాం. ఇలాంటి బడులకు పిల్లల్ని పంపుతున్న తల్లులు ఎవరైనా చదివితే, మీ ఊళ్లోనూ కమిటీ కూర్చుని ఇదే అర్జీ రాయండి, మా మాటలే వాడుకోండి.

పాప పరీక్ష పేపరు, ఆ రోజు మండీ పట్టీ, రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఒకే పాలిథీన్ కవరులో పెట్టి బియ్యం డబ్బా మీద ఉంచాను. ఎవరైనా ఆఫీసరు మా ఊరు వస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
ఒక తల్లి, పేరెంట్స్ కమిటీ సభ్యురాలు,
మదనపల్లె దగ్గరి పల్లె నుంచి